మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు?

మా అత్తయ్య నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గర ఉంది. రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం, వెనక అట్ట మీద ఎక్కాలు అచ్చేసిన రకం. మొదటి ఆరు పేజీలూ పాలవాడి లెక్క, చీటీ లెక్క. ఏడో పేజీ నుంచి కుక్కపిల్లలు. ఇంకొన్ని పేజీలు తిప్పితే ‘27-1-2000. తెల్లవారుజాము 3-10. మొదటిది. ఆడ. 390 గ్రా.’ అని నీలి సిరాతో ఉంటుంది. ఆ పేజీ మూల ఒక గోధుమరంగు మరక ఉంది. డెట్టాల్ మరకో, టీ మరకో తెలియదు. పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుంటే పాతకాగితం వాసన తప్ప ఏమీ రాదు. అయినా నాకు కుక్కపిల్ల నోటి వాసన గుర్తుకొస్తుంది. పాలు పొంగి పొయ్యి మీద పడి మాడితే వచ్చే వాసన లాంటిది, అంత ఘాటుగా ఉండదు. పళ్ళు మారే వయసొచ్చేసరికి పోతుంది. ఆ తర్వాత ఎంత ముద్దు చేసినా మళ్ళీ రాదు.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. డిగ్రీ అయిపోయి, అమీర్‌పేటలో జావా కోర్సు చేయడానికి తెనాలి నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌లో అత్తయ్య వాళ్ళింట్లో ఉంటున్నాను. మామయ్య సైన్యంలో ఈఎంఈలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. వెనక వసారా, ఒక సీతాఫలం చెట్టు, తులసికోట, నీళ్ళ తొట్టి. ఆ వసారాలోనే రాణి ఉండేది. లేత గోధుమరంగు లాబ్రడార్. అత్తయ్య దానికి మూడంటే మూడే ఈతలు చాలనుకుంది. ఇది మూడోది. ‘ఐదేళ్ళు దాటాక దాన్ని కష్టపెట్టడం నాకిష్టం లేదే’ అనేది. పిల్లలమ్మితే వచ్చే డబ్బు ఆ ఇంట్లో అక్కరకు రానిదేమీ కాదు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళకు గాని తట్టలేదు.

ఈ విద్య ఆవిడకు మీరట్‌లో పట్టుబడింది. మామయ్య అక్కడ పనిచేసినప్పుడు, సైన్యం కుక్కలకూ గుర్రాలకూ సంబంధించిన ఆర్‌వీసీ కేంద్రం ఆ ఊళ్ళోనే ఉండేది. అందులో పనిచేసే ఒక హవల్దారు భార్య వీళ్ళ పక్కింటావిడ. ఈనడానికి ఒకరోజు ముందు కుక్క ఒంటి వేడి 101 నుంచి 99 కిందికి దిగుతుందనీ, పెట్టెలోపల నాలుగు వైపులా జానెడెత్తున ఒక చెక్కబద్ద కొట్టిస్తే తల్లి ఒరిగినప్పుడు పిల్ల నలగకుండా ఆ సందులో ఉండిపోతుందనీ అత్తయ్య ఆమె దగ్గరే నేర్చుకుంది. నేరేడ్‌మెట్ వడ్రంగికి అది అర్థమయ్యేలా చెప్పడానికి రెండు రోజులు పట్టింది. పెట్టె మీద అరవై క్యాండిల్ బల్బు వేలాడదీసి, కింద పాత పేపర్లు పరిచింది.

ఆ రాత్రి ఎనిమిది పుట్టాయి. ఎనిమిదోది కదల్లేదు. అత్తయ్య దాన్ని తువ్వాల్లో చుట్టి అరచేతుల మధ్య రుద్దుతూనే ఉంది. ఎంతసేపన్నది గుర్తులేదు, మసీదులో అజాన్ వినిపించేదాకా అనుకుంటాను. తర్వాత దాన్ని సీతాఫలం చెట్టు కింద పెట్టి వచ్చి, చేతులు కడుక్కుని, మిగతా ఏడింటినీ ఒక్కొక్కటిగా తల్లి రొమ్ముకు పట్టించింది. ముర్రుపాలు మొదటిరోజే కడుపులో పడాలని పట్టు. ‘ఏడ్వడానికి రేపు తీరిక ఉంటుంది’ అంది. మర్నాడు ఏడ్చిందో లేదో నేను చూడలేదు. బస్సెక్కి క్లాసుకు పోయాను.

ఏడూ ఒకే రంగు. గుర్తుపట్టడానికి దర్జీ దగ్గర జాకెట్టు గుడ్డల పీలికలు తెచ్చి మెడలకు కట్టింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నారింజ, వంగపండు రంగు. పీలికకూ మెడకూ మధ్య ఆవిడ చిటికెనవేలు దూరాలి. పిల్లలు రోజురోజుకూ పెరిగిపోతాయి కాబట్టి పొద్దునా సాయంత్రమూ వేలు పెట్టి చూసి, బిగుతైతే విప్పి మళ్ళీ కట్టేది. పేర్లు పెట్టనిచ్చేది కాదు. పేరు పెట్టుకునే ముచ్చట పెంచుకునేవాళ్ళదట. నేను మాత్రం చాటుగా నీలం పీలికదాన్ని ‘నీలూ’ అని పిలిచేదాన్ని. నోటుబుక్కులో ఆ పేరు ఎక్కడా లేదు. ఈ వాక్యం రాస్తుంటే, నిజంగా పిలిచానా, తర్వాత జరిగినదాని వల్ల అలా అనుకుంటున్నానా అని ఒక అనుమానం.

రోజూ బరువు రాసేది. కళ్ళు తెరిచింది ఎప్పుడు, నాలుగు కాళ్ళ మీద తడబడకుండా నడిచింది ఎప్పుడు, రాగిజావ ఎవరు ముందు నాకారు. మూడో వారం దాటాక బరువు పక్కన మాటలు మొదలవుతాయి. ‘ఎరుపు: కుక్కర్ విజిల్‌కి ఎదురెళ్ళింది.’ ‘పసుపు: కొత్తవాళ్ళొస్తే తల్లి వెనక.’ ‘తెలుపు: ఎవరెత్తుకున్నా నిద్ర.’ ‘ఆకుపచ్చ: నారింజను గట్టిగా కొరికింది. అది కుయ్యిమని ఆట మానేసింది. ఇది తెల్లమొహం వేసింది.’ ఆ చివరి మాట చదివినప్పుడల్లా నాకు ఆవిడ గొంతు వినిపిస్తుంది. తన పంటికి ఎంత పదునుందో కుక్కపిల్లకు తోబుట్టువులే నేర్పుతారనీ, ఐదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా ఆ బడి జరుగుతుందనీ చెప్పేది. ఆ రోజుల్లో అందరూ నెల పిల్లనే అడిగేవారు. చిన్నప్పుడే తెచ్చుకుంటే మచ్చిక అవుతుందని నమ్మకం. అత్తయ్య ఎనిమిది వారాలు నిండితే గాని గడప దాటనిచ్చేది కాదు. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదని కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చినప్పుడు పేపర్లో చదివి, చూపించడానికి ఆవిడ లేదే అనుకున్నాను.

నలభై తొమ్మిదో రోజు పరీక్ష పెట్టింది. పిల్లలు ఎప్పుడూ చూడని చోటు కావాలని పక్కింటివాళ్ళ వరండా అడిగి తీసుకుంది. ఒక్కొక్కదాన్నీ విడిగా తీసుకెళ్ళి మధ్యలో వదిలి, కాసేపు దాని మానాన దాన్ని ఉండనిచ్చి, వెనక నుంచి స్టీలు కంచం గచ్చు మీద జారవిడిచేది. నేను స్తంభం పక్కన నిలబడి చూశాను. ఎరుపు మొరుగుతూ కంచం మీదికి పోయింది. పసుపు పూలకుండీ వెనక దూరి, పిలిచినా రాలేదు, ఎత్తుకుంటే గుండె టకటకా కొట్టుకుంటోంది. నీలం ఎగిరిపడి నాలుగడుగులు వెనక్కి వేసింది. కంచం వంక చూడలేదు. తలెత్తి అత్తయ్య మొహంలోకి చూసింది. అత్తయ్య ఏమీ అనలేదు, నవ్వనూ లేదు. మామూలుగా నిలబడింది. అప్పుడది మెల్లగా వెళ్ళి కంచం అంచు వాసన చూసి, ముందుకాలు దాని మీద వేసింది. నోటుబుక్కులో ఒకటే ముక్క: ‘నీలం: బెదిరినప్పుడు మనిషి మొహం చూస్తుంది. మనిషి ఉండే ఇల్లు కావాలి.’

చాలా ఏళ్ళ తర్వాత స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు అమెరికాలో కుక్కపిల్లల మీద ఏళ్ళ తరబడి చేసిన పరిశోధన గురించి చదివాను. వాళ్ళ పుస్తకం 1965లో వచ్చింది. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల చూసిన మనుషులూ విన్న చప్పుళ్ళూ దాని జీవితాంతం నిలిచిపోతాయని అందులో ఉంది. అత్తయ్య కుక్కర్ విజిల్ వేయించడం, మామయ్య స్కూటరు పదేపదే స్టార్ట్ చేయించడం, వీధి పిల్లల్ని పిలిచి జామకాయలిచ్చి వసారాలో కూర్చోబెట్టడం అప్పుడు నాకు అర్థమయ్యాయి. అప్పట్లో నాకవి చాదస్తంగా తోచేవి. క్లాసు నుంచి అలసి వస్తే వసారా నిండా పిల్లలు, గోల. విసుక్కున్నాను కూడా.

ఇంగ్లీషు పేపర్లో చిన్న ప్రకటన వేయించింది నేనే. ఫోన్లు ఎత్తడమూ నా పనే. అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంత, పేపర్లున్నాయా. పేపర్లంటే మద్రాసులోని కెన్నెల్ క్లబ్ ఇచ్చే వంశపత్రం. అత్తయ్య అడిగేవి వేరు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారండీ?’ కొందరు ఆ ప్రశ్నకు తడబడేవారు. కొందరికి కోపం వచ్చేది. రెండు నెలల పిల్లకు రోజుకు నాలుగుసార్లు పెట్టాలి, రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్ళాలి, తోబుట్టువుల మధ్య పుట్టింది గనక ఒంటరిగా వదిలితే గొంతు పోయేలా ఏడుస్తుంది. ఇవన్నీ చెప్పేది కాదు, ముందు జవాబు వినేది. రెండోది: ‘ఇంతకు ముందు కుక్క ఉండేదా? ఎలా పోయింది?’ నెత్తురు విరేచనాలతో పోయిందంటే, ఏడాది తిరగందే ఆ ఇంటికి పిల్లనిచ్చేది కాదు. పార్వో సూక్ష్మజీవి ఆ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. ఒకాయన ఫినాయిలుతో కడిగించామన్నాడు. ఫినాయిలుకు అది చావదని అత్తయ్య ఓపిగ్గా చెప్పింది. ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏడాది తర్వాత మళ్ళీ వస్తానన్నాడు. వచ్చాడో లేదో తెలియదు, అప్పటికి రాణి పిల్లలు లేవు.

మూడోది: ‘ఈ నాలుగైదేళ్ళలో ఎక్కడికైనా వెళ్ళే ఆలోచన ఉందా?’

జవాబుల్ని బట్టి పీలిక. ఇంటికొచ్చినవాళ్ళ కాళ్ళ మీదికి మొదట ఉరికేది ఎరుపు, అందరూ దాన్నే అడిగేవాళ్ళు. అత్తయ్య దాన్ని కీసర దగ్గర మామిడితోట ఉన్న అన్నదమ్ములకిచ్చింది. దానికి రోజంతా పరిగెత్తే పని కావాలని. పసుపుదాన్ని ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు తీసుకెళ్ళారు. ఆయన మాట్లాడితే వినపడేది కాదు, అంత మెల్లగా మాట్లాడేవారు. మొదటి రెండుసార్లు వచ్చినప్పుడు పిల్లను పిలవను కూడా లేదు. వసారా మెట్టు మీద కూర్చుని రేడియో వార్తల గురించి మామయ్యతో మాట్లాడి వెళ్ళిపోయారు. మూడోసారి పసుపు తనంతట తానే వచ్చి ఆయన చెప్పు మీద గడ్డం ఆనించింది. ఆ చెప్పు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. బొటనవేలి దగ్గర తోలు ఊడి, దారంతో కుట్టి ఉంది.

తప్పులు ఆవిడకూ జరిగాయి. రెండో ఈత పేజీల్లో ఒకచోట, ‘వంగపండు — అల్వాల్ — తప్పు నాది’ అని ఉంది. సంగతి మామయ్య చెప్పారు. ముసలి దంపతులు, పగలంతా ఇంట్లోనే ఉంటారని నెమ్మదైన పిల్లనిచ్చింది. ఎంత నెమ్మదిదైనా లాబ్రడార్ ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోలు తూగుతుంది. వీధిలో పిల్లిని చూసి గొలుసు లాగితే పెద్దావిడ పడి మణికట్టు విరిగింది. అత్తయ్య కుక్కను వెనక్కి తెచ్చుకుని, ఆవిడకు కట్టు విప్పేదాకా వారానికి రెండుసార్లు కూర వండి అల్వాల్‌కు పట్టుకెళ్ళిందట.

నా తప్పు ఎలాంటిదో చెప్పాలి.

మార్చి చివర్లో తెనాలిలో మా బంధువుల ఇంట్లో పెద్దకర్మ ఉందని అత్తయ్యా మామయ్యా నాలుగు రోజులు ఊరెళ్ళారు. నాకు క్లాసులున్నాయి, పిల్లలకు వేళకు పెట్టాలి, నేనుండిపోయాను. అప్పటికి మూడు మిగిలాయి. క్లింటన్ హైదరాబాద్ వచ్చి వెళ్ళిన వారం అది. ఆయన ఫొటో ఉన్న పేపరే పెట్టెలో పరిచాను. ఆదివారం ఉదయం తెల్ల మారుతీ జెన్‌లో ఒక జంట వచ్చారు. కొండాపూర్‌లో కొత్త ఫ్లాట్ అన్నారు. ఆయన చేతిలో ల్యాప్‌టాప్ సంచి. అంత దగ్గర నుంచి నేను ల్యాప్‌టాప్‌ను చూడటం అదే మొదటిసారి. నీలం ఆమె మొహంలోకి చూసింది. ఆమె కరిగిపోయింది. ‘మధ్యాహ్నం ఎవరుంటారండీ?’ అని అడిగాను. పనమ్మాయి ఉంటుందన్నారు. రెండో ప్రశ్న కూడా అడిగాను, ఇదే మొదటి కుక్కట. మూడోది అడగలేదు.

మరిచిపోయి కాదు. వాళ్ళు వీసా స్టాంపింగ్‌కు తిరుగుతున్నారని మాటల్లోనే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి నేను ఆయన్ని అడిగినవన్నీ ఆ సంగతులే. ఏ కంపెనీ, ఎన్నాళ్ళు పడుతుంది, జావా సరిపోతుందా, ఒరాకిల్ కూడా కావాలా. ఆయన విసుక్కోకుండా చెప్పి, ఈమెయిల్ ఐడీ కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం అందుకున్న చేత్తోనే పిల్లను అందించాను. ఎంతకిచ్చానో గుర్తులేదు, మూడు వేలో మూడున్నర వేలో. నోటుబుక్కులో అత్తయ్య ధర ఎప్పుడూ రాయదు. ఆ పేజీలో నా గుండ్రటి చేతిరాత ఉంది. ‘నీలం — కొండాపూర్ —’ అని చిరునామా, ఫోన్ నెంబరు. కింద గీత కూడా గీశాను, పని పూర్తయిందన్నట్టు.

అత్తయ్య వచ్చి సంచి కూడా దించకుండా పెట్టెలోకి చూసింది. చెప్పాను. వీసా సంగతీ చెప్పాను, దాచలేకపోయాను. కేకలేస్తుందనుకున్నాను. చాలాసేపు రాణి చెవుల వెనక గోకుతూ కూర్చుని, ‘తెలిసి కూడా అడగలేదు కదుటే’ అంది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

పిల్లల పుట్టినరోజున అన్ని ఇళ్ళకూ ఫోన్ చేయడం ఆవిడ అలవాటు. 2001 జనవరి 27న కూడా చేసింది. ముందురోజే భుజ్‌లో భూకంపం. టీవీలో కూలిన ఇళ్ళు, దుమ్ములో మనుషులు. ధ్వని తగ్గించి, ఒక కన్ను అటే ఉంచి, ఒక్కొక్క నెంబరూ తిప్పుతోంది. మాస్టారు ఎత్తారు. కీసర వాళ్ళు ఎత్తారు. కొండాపూర్ నెంబరు తాత్కాలికంగా పనిచేయడం లేదని ఆడగొంతు. మూడుసార్లు తిప్పి, ఫోన్ పెట్టేసి నా వంక చూసింది.

తర్వాతి ఆదివారం ఇద్దరం రెండు బస్సులు మారి, ఆటో ఎక్కి వెళ్ళాం. అప్పటి కొండాపూర్ అంటే రాళ్ళగుట్టలు, మధ్యమధ్య సిమెంటు రంగు భవనాలు, ఎర్రమట్టి. నాలుగంతస్తుల అపార్టుమెంటు కింద వాచ్‌మన్ చెప్పాడు. క్రిస్మస్ ముందే పోయిన్రు. కుక్కను చూడమని వెయ్యి రూపాయలు, రెండు సంచుల బిస్కెట్లు ఇచ్చిన్రు. ఆ బిస్కెట్లు ఎప్పుడో ఒడిసినయి. పాలమూరు మనిషి. ముప్పై దాటి ఉంటాయి. మొహం ఎంత తలచుకున్నా రావడం లేదు. భుజం మీది ఎర్ర తువ్వాలు మాత్రం వస్తోంది.

సెల్లారులో సిమెంటు బస్తాల మీద నీలం పడుకుని ఉంది. దాని పొట్ట మీద తలపెట్టుకుని ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళ పిల్ల. మమ్మల్ని చూడగానే ఆ పిల్ల లేచి కుక్క వెనక్కి జరిగి, దాని చెవి పట్టుకుంది. తీసుకుపోవడానికి వచ్చామని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ జంట దానికేం పేరు పెట్టారో నాకు గుర్తులేదు. ఈ పిల్ల ‘లచ్చి’ అని పిలుస్తోంది.

‘తీసుకెళ్దాం అత్తయ్యా’ అన్నాను. నాకు ఏడుపొస్తోంది. ఎలాగైనా ఆ పేజీని మళ్ళీ సరిగా రాయాలనిపిస్తోంది. అత్తయ్య జవాబివ్వకుండా వంగి దాని పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది, చెవులు వాసన చూసింది. కాళ్ళెత్తి వేళ్ళ మధ్య చూసింది, సిమెంటు అంటుకుని ఉంది. తర్వాత రెండు చేతులూ దాని పక్కలకు ఆనించి నెమ్మదిగా నిమిరింది. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు, అప్పుడే కుక్క సరైన ఒళ్ళుతో ఉన్నట్టు. నాకు ఆ సంగతి తెలుసు. నాకు కనపడలేదు. ఆవిడ చేతికి తగిలినట్టున్నాయి, తలూపింది.

అప్పుడు ఇటుకల దొంతి మీద చీర సర్దుకుని కూర్చుని, మా వసారాలో అందరినీ అడిగినట్టే, అదే గొంతుతో అడిగింది. ‘మధ్యాహ్నం ఇక్కడ ఎవరుంటారయ్యా?’

‘యాడికి పోతమమ్మా. రాత్రి పగలు ఈడనే ఉంటం.’

‘ఏం పెడుతున్నావు?’

‘మేం తినేదే. అన్నం, రొట్టె, చారు.’

ఉల్లిపాయ పెట్టకూడదని చెప్పింది. గుడ్డు ఉడికించి పెట్టమంది. అతను భార్యను పిలిచి ఆ రెండు ముక్కలూ ఆమెకూ చెప్పించాడు. ఆమె చేతులు సున్నంతో తెల్లగా ఉన్నాయి. చివరి ప్రశ్న దగ్గర అత్తయ్య ఒక్క క్షణం ఆగింది. ‘ఎక్కడికైనా వెళ్ళే ఆలోచన ఉందా?’

‘ఈ బిల్డింగుల పనైతే ఇంకో బిల్డింగుకు పోతం. మా పోరి యాడుంటె అదాడనే.’

అంతలో పక్క కట్టడం మీద నుంచి ఇనుపచువ్వల కట్ట కిందపడింది. చెవులు గింగురుమన్నాయి. కుక్క ఎగిరి లేచింది. లేచి, తల తిప్పి, ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఆ పిల్ల, ‘ఏం గాలే’ అంది. కుక్క కూర్చుంది.

ఇది నేను చూశాననే నా నమ్మకం. నోటుబుక్కులో ఈ మాట లేదు. ఇనుపచువ్వలు పడ్డది నిజం, ఆ చప్పుడుకు నేను చెవులు మూసుకున్నాను. కళ్ళు కూడా మూసుకున్నానేమో. మామయ్యను అడిగితే, అత్తయ్య ఇంటికొచ్చి అలాంటిదేదో చెప్పిందని మాత్రం అన్నారు.

కుక్కను తేలేదు. తిరుగుప్రయాణంలో బస్సులో అత్తయ్య నోటుబుక్కు తీసి, నా చేతిరాత మీద ఒక అడ్డగీత కొట్టి, కింద వాచ్‌మన్ పేరు, పక్కవీధి ఎస్టీడీ బూత్ నెంబరు రాసుకుంది. బస్సు కుదుపులకు అక్షరాలు వంకర పోయాయి. టీకాల ఖర్చు తనదేనంది. ఆ వేసవిలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించింది. ఏటా జనవరిలో రేబిస్ సూది వేయించడానికి ఇద్దరూ ఆటోలో వెళ్ళేవారు, మామయ్యా ఆవిడా. నేను రెండుసార్లు వెళ్ళానేమో.

ఇంకొకటి ఎవరికీ చెప్పనిది ఉంది. కొండాపూర్ వెళ్ళొచ్చిన వారానికే ఆ ఈమెయిల్ ఐడీకి ఉత్తరం రాశాను. కోర్సు పూర్తయిందనీ, ఏమైనా అవకాశం ఉంటే చెప్పమనీ. అందులో కుక్క మాట లేదు. నెట్ సెంటర్లో గంటకు ఇంత అని డబ్బు కట్టి, కూర్చుని, ఒక్కొక్క అక్షరం చూసుకుని రాసిన ఉత్తరం. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఊడుతున్న రోజులవి. మార్కెట్ బాగాలేదని ఆయన రెండు వరుసల్లో జవాబిచ్చారు. ఆయనా కుక్క మాట ఎత్తలేదు. అత్తయ్య బతికుండగా ఈ సంగతి చెప్పలేకపోయాను.

నాకు ఉద్యోగం హైదరాబాద్‌లోనే వచ్చింది, మాదాపూర్‌లో. నోటుబుక్కులో నీలం పేజీ మాత్రం పెరుగుతూ పోయింది. కొండాపూర్ కొట్టేసి మియాపూర్. మియాపూర్ కొట్టేసి నిజాంపేట. తర్వాత బాచుపల్లి. బూత్ నెంబర్లు పోయి ఒక సెల్ నెంబరు. తర్వాత మణికొండ. ఊరు ఎటు పెరిగితే అటు, ఒక్కొక్క పునాది దగ్గర రెండేళ్ళో రెండున్నరేళ్ళో. ప్రతి చిరునామా పక్కన జనవరి తేదీ, సూది వేయించినట్టు టిక్కు. 2003లో హచ్ ప్రకటన వచ్చాక అందరూ ఆ చిన్న పగ్ కుక్క కావాలని అత్తయ్యకు ఫోన్ చేసేవారు. ఈ ఎండల్లో ఆ అణిగిన ముక్కుతో అది ఊపిరి తీసుకోవడానికి ఎంత అవస్థపడుతుందో ఫోన్‌లో ఒక్కొక్కరికీ వివరించేది. రాణి అప్పటికి పెద్దదై, ఆవిడ పాదాల మీద గడ్డం పెట్టుకుని పడుకునేది.

పోయినేడు మా అపార్టుమెంటు సెల్లారులో ఒక వీధికుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. నేనూ జాకెట్టు గుడ్డల పీలికలు కట్టాను. చిటికెనవేలు పెట్టి చూశాను. వచ్చినవాళ్ళను మూడు ప్రశ్నలూ అడిగాను. మూడోది అడగడానికి ఇప్పటికీ నాకు గొంతు సర్దుకోవాల్సి వస్తుంది.

లచ్చి 2012 వేసవిలో పోయింది. పన్నెండేళ్ళు నిండాయి. ఆ కబురు ఫోన్‌లో చెప్పడానికి మనసొప్పక, వాచ్‌మన్ కూతుర్ని వెంటబెట్టుకుని మణికొండ నుంచి నేరేడ్‌మెట్‌కు బస్సులో వచ్చాడు. ఆదివారం, నేను అక్కడే ఉన్నాను. ఆ పిల్లకు ఇరవై దాటాయి. మెడలో పసుపుతాడు, చేతిలో పండ్ల సంచి. ఒక పెద్ద బట్టల షాపులో పనిచేస్తోందట, భర్త డ్రైవరు. రాత్రి నిద్రలోనే పోయిందనీ, కొత్త బిల్డింగు వెనక నర్సరీవాళ్ళను అడిగి మొక్కల దగ్గర పెట్టామనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. అత్తయ్య అన్నం తినమంది. తింటుండగా, వెనక వీధిలో ఒకాయన ఇంట్లో మంచి పిల్లలున్నాయనీ, తాను చెబితే ఒకటి ఊరికే ఇస్తారనీ చెప్పింది.

ఆ పిల్ల ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించింది.

‘వద్దమ్మా’ అంది. ‘ఇద్దరం పనికి పోతం. పగలు ఇంట్ల ఎవ్వలుండరు.’

అత్తయ్య మారు మాట్లాడలేదు. వంకాయకూర గిన్నె దగ్గరికి లాక్కుని, ఆ పిల్ల కంచంలో ఇంకాస్త వడ్డించింది.